హస్కీ కోసం డిపాజిట్ తీయాలా, వాయిదాలు కట్టాలా?

ప్రశ్న: మేము నల్లగొండలో రెండో అంతస్తులో, రెండు గదుల కిరాయి ఇంట్లో ఉంటున్నాము. నేను, మా వారు ఇద్దరమూ ఉద్యోగులమే. నెలకు 58,000 రూపాయలు వస్తాయి. తొమ్మిదేళ్ల మా బాబు హస్కీ కుక్క కావాలంటున్నాడు, మా వారు జర్మన్ షెపర్డ్ అంటున్నారు. హైదరాబాదులో ఒకరు హస్కీ పిల్లను 40,000 రూపాయలకు ఇస్తామని, క్రెడిట్ కార్డుపై వడ్డీ లేకుండా 12 వాయిదాల్లో కట్టవచ్చని చెప్పారు. మాకు లక్ష రూపాయల ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది. ఏది మేలు?

జవాబు: అమ్మా, ఈ రెండింటిలో దేనినీ నేను సమర్థించలేను. మీ డిపాజిట్ రెండు నెలల జీతానికి కూడా సమానం కాదు; కనీసం ఆరు నెలల ఇంటి ఖర్చు అత్యవసర నిధిగా ఉండాల్సిన చోట ఉన్న ఆ కాస్తనూ కదిలించడం తగదు. ఇక వడ్డీ లేని వాయిదాలంటున్నా, ప్రాసెసింగ్ రుసుము, బ్యాంకు తన లెక్కలో చూపే వడ్డీ భాగంపై 18 శాతం జీఎస్టీ కార్డు బిల్లులో కనిపించడం మామూలే.

అసలు భారం కొనుగోలు ధర కాదు. పెద్ద జాతి కుక్కకు తిండి, ఏటా టీకాలు, గోమార్ల మందు, మీరు ఊరికి వెళ్లినప్పుడు దాన్ని ఉంచే చోటుకు కట్టే రుసుము అన్నీ కలిపి నెలకు 4,500 రూపాయలనుకుంటే, పన్నెండేళ్లకు 6,48,000 అవుతుంది; ధరలు ఏటా 6 శాతం పెరిగితే అదే 9 లక్షలు దాటుతుంది. నా దగ్గరకు వచ్చే కుటుంబాల లెక్కల పుస్తకాల్లో బండి పెట్రోలుకు ఒక వరుస ఉంటుంది గాని, కుక్క ఖర్చు మాత్రం ‘ఇతరములు’ కింద దాక్కుని ఉంటుంది.

హస్కీ విషయంలో ఆ లెక్కకు కరెంటు బిల్లు కూడా తోడవుతుంది. సైబీరియా మంచులో బండ్లు లాగడానికి పెంచిన ఆ జాతికి ఒంటిపై రెండు పొరల దట్టమైన బొచ్చు ఉంటుంది. మే నెలలో 44 డిగ్రీలు దాటే నల్లగొండ ఎండలో, అందునా పైకప్పు కాలే మేడమీద ఇంట్లో, దాన్ని ఏసీ లేకుండా ఉంచడం క్రూరత్వమే. ఒకటిన్నర టన్నుల ఏసీ గంటకు సుమారు ఒకటిన్నర యూనిట్లు తీసుకుంటుందనుకుంటే, మీరిద్దరూ ఆఫీసులో ఉన్న ఎనిమిది గంటలూ అది నడిస్తే నెలకు 360 యూనిట్లు అదనమవుతాయి, యూనిట్ ధర శ్లాబు కూడా పైకి మారుతుంది.

జర్మన్ షెపర్డ్‌కు ఎండ కొంత నయం గాని, పని లేకుండా ఉండలేని జాతి అది. రోజంతా గదిలో ఒంటరిగా ఉంటే చెప్పుల నుంచి సోఫా దాకా కొరికేస్తుంది, తుంటి కీళ్ల జబ్బు కూడా ఈ జాతిలో ఎక్కువ. పగ్ చిన్నదే అయినా ముక్కు నొక్కుకుపోయి ఉండటం వల్ల వేడిలో ఊపిరి తీసుకోవడమే దానికి కష్టం. పక్క రాష్ట్రపు ముధోల్ వేటకుక్క మన వాతావరణానికి సరిపోతుంది గాని, అది పరుగెత్తడానికి బావి దగ్గర పొలం ఉన్నవారికి తగినది.

మీ ఇంటికి నేను సూచించేది ఏడాది రెండేళ్ల వయసున్న, టీకాలు, కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స అయిన నాటు ఆడకుక్క. పదిహేను కిలోల ఆ కుక్క తినేది తక్కువ, మన ఎండకు అలవాటుపడిన ఒళ్లు దానిది, పెద్దదై ఉంటుంది కనుక దాని స్వభావాన్ని ముందే చూసి తెచ్చుకోవచ్చు. దత్తతకు ధర ఉండదు. నెల ఖర్చు 2,500 రూపాయల్లో సర్దుకోవచ్చని నా అంచనా. కొత్తవారిని చూస్తే గట్టిగా మొరుగుతుంది, మొదటి వారాల్లో బాబుకు దూరంగా ఉండవచ్చు. ఈ రెండూ ముందే తెలిసి ఉండటం మంచిది. ఏటా జూలై 6న పశుసంవర్ధక శాఖ పెంపుడు కుక్కలకు రేబిస్ టీకా ఉచితంగా వేస్తుంది.

ఇంకా జాతి కుక్కపిల్లే కావాలనుకుంటే, 2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. పెంచి అమ్మేవారికి రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు నమోదు ఉండాలి. ఆ పత్రం చూపించమని అడగండి, చూపలేకపోతే బేరం ఆపేయండి.

కుక్కను తెచ్చే ముందు ఆరు నెలలు నెలకు 2,500 రూపాయలతో రికరింగ్ డిపాజిట్ కట్టండి. ఆ డబ్బు పక్కన పెట్టడం కష్టమైతే ఆ సంగతి కుక్క రాకముందే తెలిసిపోతుంది. కష్టం కాకపోతే చేతికి వచ్చే 15,000 రూపాయలూ, వడ్డీతో సహా, వైద్యం ఖర్చులకు నిధి అవుతుంది. బాబు ఆ ఆరు నెలలూ ఉదయం ఆరింటికి లేచి మీతో నడకకు రావాలని షరతు పెట్టండి. దసరా సెలవుల మొదటి రోజున తెచ్చుకుంటే కొత్త చోటుకు అలవాటు పడేవరకు ఇంట్లో మనుషులుంటారు. ఇంటి యజమాని ఒప్పుకోలును మాత్రం ఈ రికరింగ్ డిపాజిట్ మొదలుపెట్టే ముందే కాగితం మీద తీసుకోండి, ఎందుకంటే కుక్క కారణంగా ఇల్లు మారవలసి వస్తే కొత్త అడ్వాన్సు, సామాను రవాణా కలిపి ఆ 15,000 ఒక్క వారంలో కరిగిపోతాయి.