సలాడ్ గరిటె మెడ దగ్గరే ఎందుకు విరుగుతుంది?

సలాడ్ కలిపి వడ్డించే చెక్క గరిటె, ఫోర్కు జత ఇంట్లోనే చేస్తుంటే గరిటె మెడ దగ్గర విరిగిందని, ఈసారి ఏ చెక్క తీసుకోవాలో, ఏ నూనె పట్టించాలో చెప్పమని అడిగారు. నా మొదటి జత కూడా సరిగ్గా అక్కడే విరిగింది. ఆ ముక్క ఇప్పటికీ సొరుగులో ఉంది. విరిగిన అంచు చూస్తే కారణం తెలిసిపోతుంది: చెక్క నార (పొడవునా సాగే పోగులు) వెంట చీలలేదు, బిస్కెట్ తుంచినట్టు తెగిపోయింది.

పిడి కాస్త వంపు తిరిగితే బాగుంటుందని చెక్క పలక మీద వంకరగా గీసుకున్నాను. నార తిన్నగా ఉంది, నా పిడేమో పక్కకు తిరిగింది. ఆ మలుపులో నార పిడి పొడవునా సాగకుండా, ఈ అంచు నుంచి ఆ అంచుకు పొట్టిగా తెగింది. అలాంటి చోట ఎంత గట్టి చెక్కైనా నిలవదు. కాబట్టి చెక్క మార్చే ముందు గీసే తీరు మార్చండి. పిడి మొత్తం నార వెంటే ఉండాలి. పలక పక్క అంచు కూడా చూడండి, అక్కడ నార ఏటవాలుగా ఉంటే ఆ ముక్క వద్దు.

మేపుల్, బీచ్, చెర్రీ ఏదైనా మంచిదే, రంధ్రాలు సన్నగా ఉంటాయి. వాల్‌నట్ కూడా పనికొస్తుంది, దాని రంధ్రాలు కాస్త పెద్దవి. ఎర్ర ఓక్ మాత్రం వద్దు. దాని చిన్న ముక్క కొస దగ్గర నోరు పెట్టి ఊదితే గాలి అవతలికి వస్తుంది, రంధ్రాలు అంత పెద్దవి. ఇక తడి, నూనె అందులోకి చేరకుండా ఉంటాయా?

నేను 30 సెంటీమీటర్ల పొడవు, 7 వెడల్పు, రెండున్నర మందం ఉన్న ముక్క తీసుకుంటాను. బయటి ఆకారం కోయకముందే గరిటె గుంట తవ్వేస్తాను. ముక్క నలుచదరంగా ఉన్నంతసేపే క్లాంపుకు గట్టిగా దొరుకుతుంది, ఆకారం వచ్చాక జారిపోతూ ప్రాణం తీస్తుంది. గుండ్రటి ఉలితో ముందు నారకు అడ్డంగా తవ్వి, తర్వాత రెండు కొసల నుంచీ గుంట మధ్యకు దిగండి. మధ్య నుంచి పైకి తోస్తే నార పెచ్చులుగా లేస్తుంది. అడుగున 5 మిల్లీమీటర్లు మిగలగానే ఆపేయండి. గుంట మీద స్కేలు అడ్డంగా పెట్టి, లోతు మాటిమాటికీ కొలుచుకుంటూ ఉంటే టెన్షన్ ఉండదు.

ఫోర్కు పళ్ళకు ముందు సందు మొదట్లో 6 మిల్లీమీటర్ల రంధ్రం వేసి, రంపంతో అక్కడిదాకా కోయండి. గుండ్రటి మొదలు ఉంటే చీలిక అంత తేలిగ్గా మొదలవదు.

శాండ్ పేపర్ 120 నంబరుతో (నంబరు పెరిగేకొద్దీ నున్నన) మొదలుపెట్టి 180, 240 దాకా వెళ్ళాక, తడిగుడ్డతో తుడిచి ఆరనివ్వండి. అప్పటిదాకా నున్నగా ఉన్న గరిటె మీద వేలు పెడితే సన్నని గడ్డంలా గుచ్చుకుంటుంది. తడికి నార లేచిందన్నమాట. 320తో తేలిగ్గా రుద్దేసి, మళ్ళీ ఒకసారి తడపండి. ఈ పని వదిలేస్తే మొదటిసారి కడగ్గానే గరుకు తేలుతుంది.

నూనెకు వస్తే, వంటనూనెలు చాలావరకు ఆరి గట్టిపడవు, కొన్నాళ్ళకు ముక్కవాసన వస్తాయి. ఫుడ్ గ్రేడ్ మినరల్ ఆయిల్ సులువు, కాకపోతే అప్పుడప్పుడూ మళ్ళీ పట్టించాలి. స్వచ్ఛమైన టంగ్ ఆయిల్ గట్టిపడుతుంది, అయితే పూర్తిగా ఆరడానికి వారాలు పడుతుంది. బాయిల్డ్ లిన్సీడ్ ఆయిల్‌ (అవిసె నూనె)లో త్వరగా ఆరడానికి లోహపు రసాయనాలు కలుపుతారు కాబట్టి తిండి తగిలే వస్తువుకు నేను వాడను. వాల్‌నట్ నూనె వాడేటట్టయితే, ఇంట్లో ఎవరికైనా నట్స్ అలర్జీ ఉందేమో ముందే అడగండి.

ఒక్కటి మాత్రం మరిచిపోవద్దు. లిన్సీడ్, టంగ్ లాంటి ఆరే నూనెలు తుడిచిన గుడ్డలు ఉండచుట్టి పడేస్తే వాటంతట అవే వేడెక్కి మంటలు లేవచ్చు. ఆరుబయట ఒక్కొక్కటీ పరిచి, బిరుసెక్కేదాకా ఆరనివ్వండి.

వాడాక నీళ్ళలో నానబెట్టకుండా కడిగి, వెంటనే తుడిచేయండి. డిష్‌వాషర్‌లో అసలే వేయొద్దు. చెక్క తెల్లబారి పొడిగా కనిపించిన రోజు మళ్ళీ నూనె పట్టించండి.