కాపురానికి తిరిగి వెళ్లారు కదా, అసలు చిక్కు అక్కడే!

ప్రశ్న: పెళ్లయి ఏడేళ్లు. మేం హిందువులం. భర్త తాగొచ్చి కొడతాడు. రెండేళ్ల క్రితం చెయ్యి విరిగి పుట్టింటికి వస్తే పెద్దమనుషులు సర్దిచెప్పి పంపారు. మళ్లీ కొట్టడంతో నాలుగు నెలల క్రితం వచ్చేశాను. ఫోను మార్చినప్పుడు అతని మెసేజీలు పోయాయి. అత్తింటివాళ్లందరిపైనా కట్నం కేసు పెడితే దారికొస్తాడని బంధువులంటున్నారు. విడాకులు వస్తాయా?

జవాబు: మీరు పేజీ నిండా చెయ్యి విరిగిన సంగతే రాశారు. అవతలి లాయరు పట్టుకునేది మాత్రం ఆ తర్వాత మీరు కాపురానికి వెళ్లడాన్ని. హిందూ వివాహ చట్టం 13వ సెక్షన్ కింద క్రూరత్వానికి విడాకులు ఇస్తారు. కానీ క్షమించి కలిసి ఉంటే ఆ కారణం చెల్లదని 23వ సెక్షన్ అంటుంది. అయితే మళ్లీ హింసిస్తే ఆ క్షమ నిలవదని, పాత క్రూరత్వమూ లెక్కలోకి వస్తుందని సుప్రీంకోర్టు 1975లో దాస్తానే కేసులో చెప్పింది. కాబట్టి మీ పిటిషన్ నిలబడాల్సింది నాలుగు నెలల నాటి దెబ్బల మీద.

'రోజూ కొట్టేవాడు' అని రాస్తే సరిపోదు. ఏ తేదీ, ఏ వేళ, దేనితో కొట్టాడు, ఎవరు చూశారు, అన్నీ రాయాలి. ఆసుపత్రిలో పరువు కోసం 'జారిపడ్డాను' అని చెప్పారా? అలా చెప్పి ఉంటే ఎందుకు చెప్పారో పిటిషన్‌లో మీరే రాయండి, క్రాస్ ఎగ్జామినేషన్‌లో (అవతలి లాయరు మిమ్మల్ని ప్రశ్నించేటప్పుడు) వాళ్లు బయటపెట్టేదాకా ఆగొద్దు. పంచాయితీలో కూర్చున్నవాళ్లలో ఒకరైనా సాక్ష్యానికి రావాలి.

బ్యాకప్ లేకుండా ఫోను మార్చడం శుద్ధ అజాగ్రత్త. పాత ఫోను ఇంకా ఉంటే రీసెట్ చేయొద్దు, అమ్మొద్దు. మీ అమ్మకో అన్నయ్యకో పంపిన స్క్రీన్‌షాట్లున్నా వెతికి తీయండి. వాటిని కోర్టులో వేసేటప్పుడు ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కావాల్సిన భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ధ్రువపత్రం జతచేయాలి.

కట్నం అడగకపోతే అడిగారని రాయొద్దు! తప్పుడు ఫిర్యాదు కూడా మానసిక క్రూరత్వమేనని 2013లో కె. శ్రీనివాసరావు కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. మీరు ఆ పని చేస్తే విడాకుల కారణం అతని చేతికి వెళ్తుంది. క్రిమినల్ ఫిర్యాదు ఇవ్వదలిస్తే కొట్టినవాడిపైనే, జరిగింది జరిగినట్టు, భర్త, అత్తింటివాళ్ల క్రూరత్వానికి వర్తించే భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) 85వ సెక్షన్ కింద ఇవ్వండి. దానికి మామూలుగా 3 ఏళ్ల గడువు. విడాకులకు అలాంటి గడువు లేకపోయినా అనవసరంగా జాప్యం చేస్తే కోర్టు కారణం అడుగుతుంది.

మీరిప్పుడు ఉంటున్న చోటి ఫ్యామిలీ కోర్టులోనే పిటిషన్ వేయొచ్చు. దాంతోపాటే హిందూ వివాహ చట్టం 24వ సెక్షన్ కింద మధ్యంతర భరణానికి, ఖర్చులకు దరఖాస్తు పెట్టండి. బెదిరింపులు ఆగకపోతే 2005 గృహహింస చట్టం కింద మేజిస్ట్రేటు దగ్గర రక్షణ ఉత్తర్వు విడిగా అడగండి.