పాపకు పిల్లిపిల్ల కోసం అప్పు చేయాలా? ముందు అత్యవసర నిధి సంగతి చూడండి

ప్రశ్న: బెంగళూరు మారతహళ్లిలో అద్దెకు ఉంటున్నాం. నాకు నెలకు చేతికి 1,05,000 వస్తుంది. మా ఆవిడ ఇంట్లోనే ఉంటుంది. పాపకు ఎనిమిదేళ్లు, ఒక్కతే. ఇంట్లో తోడుగా ఏదైనా బొచ్చు జంతువు కావాలని ఏడాదిగా అడుగుతోంది. పుట్టినరోజుకు పర్షియన్ పిల్లిపిల్ల కొందామని షాపులో 2,000 అడ్వాన్సు ఇచ్చాం. పిల్లి 22,000. కేజ్, పిల్లి ఎక్కే చెట్టు, టీకాలు, మిగతా సామాను అన్నీ కలిపి 48,000 అవుతుందన్నారు. ఒక లోన్ యాప్‌లో 24 శాతం వడ్డీకి 12 నెలల ఈఎంఐ వస్తోంది. కుందేళ్లు, గినీ పిగ్‌లు, హ్యామ్‌స్టర్ కూడా చూశాం. ఏది తీసుకుంటే డబ్బు పరంగా మంచిది? బ్యాంకులో 62,000 ఉంది, అది కదపడం ఇష్టం లేదు. ఒక పాత పర్సనల్ లోన్‌కు ఇంకా ఏడు వాయిదాలు ఉన్నాయి. ఏటా వచ్చే బోనస్ 70,000 దాకా ఉంటుంది.
– ఒక పాఠకుడు

జవాబు: ఏ జంతువు మంచిదో తర్వాత చెప్తాను. ముందు ఆ యాప్ దగ్గర ఆగండి. పిల్లల ముచ్చట తీర్చడానికి నలభై, యాభై వేలు అప్పు తీసుకుని, ‘నెలకు నాలుగున్నర వేలేగా’ అనుకునే ఇళ్లు ఈమధ్య బాగా ఎక్కువయ్యాయి. మీ ప్రశ్నను ఎంచుకున్నది అందుకే. ఆ ‘నాలుగున్నర వేలేగా’ దగ్గరే అందరి లెక్కా ఆగిపోతోంది.

మీరు పంపిన ఖర్చుల పట్టీనే తీసుకుందాం. అద్దె, మెయింటెనెన్స్ 30,000. కారు ఈఎంఐ 13,500. పర్సనల్ లోన్ 8,200. స్కూలు ఫీజు, వ్యాన్ నెలవారీగా చూస్తే 12,000. సరుకులు, పాలు, కూరగాయలు 14,000. కరెంటు, నెట్, ఫోన్లు 3,500. పెట్రోలు 5,000. మదనపల్లెలో ఉన్న అమ్మానాన్నలకు 8,000. మొత్తం 94,200. మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా పెట్టే సిప్ 5,000 కూడా కలిపితే 99,200. నెలాఖరుకు మిగిలేది 5,800.

ఇప్పుడు 48,000 అప్పు. 24 శాతం వడ్డీకి 12 నెలలంటే వాయిదా దాదాపు 4,540. ప్రాసెసింగ్ ఫీజు 3 శాతం, దానిపై జీఎస్టీ కలుపుకుంటే మీరు కట్టేది 56,000 దాటుతుంది. సరే, 8,000 పోతే పోయిందనుకుందాం. వాయిదా కట్టాక మీ దగ్గర మిగిలేది 1,260. అందులో పిల్లికి నెల తిండి వస్తుందా? అది మలమూత్రాలు పోయే ఇసుక, అదే లిట్టర్, వస్తుందా? పర్షియన్‌కు తిండి, లిట్టర్, దువ్వెనలు, పురుగుల మందు, ఏడాదికోసారి వేయించే టీకాలు కలిపి సగటున నెలకు 3,500 తక్కువ వేసుకోకూడదు. అంటే మొదటి నెల నుంచే లోటు. ఆ లోటు క్రెడిట్ కార్డు మీదికి వెళ్తుంది. కార్డు బాకీ పూర్తిగా కట్టలేక కనీస మొత్తం కట్టుకుంటూ పోతే వడ్డీ నెలకు మూడు, మూడున్నర శాతం పడుతుంది. 24 శాతం అప్పు తీర్చడానికి 40 శాతం అప్పులోకి దిగడమే ఇది. పుట్టినరోజు కేకు తిన్నంత సేపట్లో మొదలై రెండేళ్లు వదలని వ్యవహారం ఇలాగే వస్తుంది. ఇలాంటి అప్పును నేను ఏ పరిస్థితిలోనూ ఒప్పుకోను.

‘62,000 కదపడం ఇష్టం లేదు’ అన్నారు. మంచి మాట. కానీ ఆ డబ్బుతో మీ ఇల్లు ఎన్నాళ్లు నడుస్తుందో లెక్క వేశారా? నెలకు 94,200 తప్పనిసరి ఖర్చు ఉన్న ఇంటికి 62,000 ఇరవై రోజులకు కూడా సరిగ్గా చాలదు. ఇంట్లో సంపాదించేది ఒక్కరు. ఉద్యోగం పోతే జీతంతో పాటు ఆఫీసు ఇచ్చిన ఆరోగ్య బీమా కూడా పోతుంది. ఐటీలో మళ్లీ ఆఫర్ చేతికి రావడానికి మూడు, నాలుగు నెలలు పట్టడం ఇప్పుడు మామూలే. అంత దూరం కూడా వద్దు, ఓనర్ ఇల్లు ఖాళీ చేయమన్నాడనుకోండి. పాత డిపాజిట్ వెనక్కి రాకముందే కొత్త ఇంటికి డిపాజిట్ కట్టాలి. ప్యాకర్స్ ఖర్చు ఒకటి. పాత ఓనర్ పెయింటింగ్ పేరిట ఒక నెల అద్దె కోసుకుని ఇస్తాడు. తలుపుల మీద పిల్లి గోళ్ల గీతలు ఉంటే ఇంకొంచెం కోస్తాడు. ఆ రోజు మీ 62,000 ఒక్క పూటలో అయిపోతుంది.

కాబట్టి మూడు నెలల తప్పనిసరి ఖర్చు అత్యవసర నిధిగా పక్కన ఉండేదాకా ఇంటికి ఏ కొత్త నెలవారీ ఖర్చూ తేవద్దు. అంతిమంగా ఆరు నెలలది ఉండాలి, మూడు నెలలది జంతువును తెచ్చుకోవడానికి కనీస షరతు. జంతువు కూడా ఒక నెలవారీ ఖర్చే. పైగా ఓటీటీ చందాలాగా మధ్యలో ఆపేసే వీలులేనిది. కొన్న ధర ఒక్కసారితో పోతుంది. అది బతికినన్నాళ్లూ పెట్టే ఖర్చే అసలు ఖర్చు. పిల్లి చక్కగా పెరిగితే పదిహేనేళ్లు ఉంటుంది. అప్పటికి మీ పాపకు ఇరవై మూడు. కాలేజీ ఫీజుల ఏళ్లన్నీ మధ్యలోనే వచ్చి వెళ్తాయి.

ఇక జంతువుల సంగతి. ఇందులో తొందరపడితే నష్టపోయేది మీ జేబు ఒక్కటే కాదు, ఆ ప్రాణి కూడా.

పర్షియన్ పిల్లికి రోజూ దువ్వాలి, లేకపోతే బొచ్చు ఉండలు కడుతుంది. ముఖం చప్పిడిగా ఉండటం వల్ల కళ్ల నుంచి నీరు కారుతుంది, శ్వాస ఇబ్బందులు వస్తాయి. కిడ్నీల్లో నీటితిత్తులు వచ్చే వంశపారంపర్య జబ్బు ఆ జాతిలో ఉంది. పిల్లే కావాలనుకుంటే కూపా లాంటి జంతు సంక్షేమ సంస్థల ద్వారా మామూలు నాటు పిల్లిని దత్తత తీసుకోండి, 22,000 మిగులుతుంది.

హ్యామ్‌స్టర్ చవక, ఆయుష్షు రెండు మూడేళ్లే. కానీ అది పగలంతా పడుకుంటుంది. పాప స్కూలు నుంచి వచ్చేసరికి నిద్రలో ఉంటుంది, లేపితే కరుస్తుంది. పాప పడుకున్నాక చక్రం తిప్పుతుంది. తోడు కోసం అడుగుతున్న పిల్లకు అది సరిపడదు.

కుందేలు బొమ్మలా కనిపిస్తుంది కానీ ఎత్తుకుంటే దానికి నచ్చదు. భయపడి గట్టిగా తన్నుకుంటే వెన్ను విరిగే ప్రమాదం ఉంది. ఎనిమిదేళ్ల పిల్ల ఎత్తుకోకుండా ఊరుకోదు. అది పది, పన్నెండేళ్లు బతుకుతుంది, అద్దె ఇంట్లో వైర్లు, తలుపు చెక్కలు కొరుకుతుంది. ఆడ కుందేలుకు ఆపరేషన్ చేయించకపోతే వయసు వచ్చాక గర్భాశయ క్యాన్సర్ వచ్చే అవకాశం బాగా ఎక్కువ, ఆ ఖర్చూ లెక్కలో వేసుకోవాలి.

మీ ఇంటికి నా ఓటు గినీ పిగ్‌లకే. పగలు మెలకువగా ఉంటాయి, మెత్తని స్వభావం, కరవడం తక్కువ, ఫ్రిజ్ తలుపు తీసిన చప్పుడు వినగానే కీచుకీచుమని పిలుస్తాయి. అయిదు నుంచి ఎనిమిదేళ్ల ఆయుష్షు. ఎండ వేడికి అస్సలు తట్టుకోలేవు, ఆ లెక్కన చెన్నై కంటే బెంగళూరు వాటికి నయం. ఒంటరిగా ఉంచకూడదు, రెండు ఉండాలి. ఇక్కడ జాగ్రత్త. ‘జత’ అనగానే షాపువాళ్లు ఒక మగ, ఒక ఆడ ఇచ్చేస్తారు. రెండు నెలలు దాటగానే పిల్లలు. ఈనిన కొన్ని గంటల్లోనే ఆడది మళ్లీ చూలు కట్టగలదు. మీ బడ్జెట్ రెండింటికి, ఇంట్లో ఎనిమిది. రెండూ ఆడవే తీసుకోండి, కొనే ముందు పశువైద్యుడికి చూపించి ఖాయం చేసుకోండి.

వీటి తిండిలో ఎక్కువ భాగం ఎండుగడ్డే, అది ఇరవై నాలుగు గంటలూ ముందు ఉండాలి. పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి కాబట్టి నమలడానికి గడ్డి లేకపోతే పళ్ల జబ్బు, మత్తు ఇచ్చి పళ్లు అరగదీయించే ఖర్చు. మనుషుల్లాగే వాటి ఒంట్లో విటమిన్ సి తయారు కాదు. రోజూ క్యాప్సికం, కొత్తిమీర, అప్పుడప్పుడు ఓ జామ ముక్క పెట్టాలి. గడ్డి, కూరలు, కింద పరిచే సామాను కలిపి రెండింటికీ నెలకు 2,500 వేసుకోండి. మొదటి ఖర్చు, జంతువులతో సహా, 10,000 లోపు ముగించవచ్చు. షాపులో చూపించే చిన్న కేజ్ వాటికి చాలదు. వైరు గ్రిల్ ముక్కలు బిగించి నాలుగడుగుల దొడ్డి మీరే కట్టండి, దానికంటే చవక కూడా.

చవక అన్నాను కదా అని నిధి మాట మర్చిపోవద్దు. ఈ చిన్న జంతువుల జబ్బు ఎలా వస్తుందో చెప్తాను. శనివారం రాత్రి వేసిన కొత్తిమీర ఆదివారం పొద్దున అలాగే వాడిపోయి ఉంటుంది. గినీ పిగ్ మూల ముడుచుకుని, బొచ్చు లేపుకుని కూర్చుంటుంది. కింద పెంటికలు ఉండవు. పెద్ద జబ్బులా కనిపించదు, ‘సోమవారం చూద్దాంలే’ అనిపిస్తుంది. కానీ కుందేలుకైనా, గినీ పిగ్‌కైనా పేగులు ఆగకుండా కదులుతూ ఉండాలి. సగం రోజు తినలేదంటేనే అత్యవసరం. కుక్కలు, పిల్లులు చూసే డాక్టర్లు వీధికొకరు ఉన్నా, వీటిని చూసేవాళ్లు నగరంలో తక్కువ. కన్సల్టేషన్, ఎక్స్‌రే, సెలైన్, సిరంజితో పట్టే తిండి, మళ్లీ చూపించడం... ఒక్క ఆదివారంలో అయిదారు వేలు దాటుతుంది. 400 రూపాయల జంతువుకు 6,000 వైద్యమా అని పెద్దవాళ్లం ఆలోచిస్తాం. పాప ఆలోచించదు, మన ముఖంలోకి చూస్తుంది. ఆ క్షణంలో డబ్బు లేక తల తిప్పుకునే స్థితి ఏ తండ్రికీ రాకూడదు. మన దగ్గర పెట్ ఇన్సూరెన్స్ ప్రధానంగా కుక్కలకు, కొన్ని కంపెనీల్లో పిల్లులకు. గినీ పిగ్‌కు పాలసీ దొరుకుతుందని లెక్క వేసుకోకండి. అందుకే ఇంటి నిధి కాకుండా జంతువు పేరు మీద 15,000 విడిగా పెట్టండి. హెబ్బాళ్ పశువైద్య కళాశాల ఆసుపత్రి నంబరు, వేళలు ముందే రాసిపెట్టుకోండి.

ఇక ఆ డబ్బు ఎక్కడి నుంచి? సిప్ కొన్నాళ్లు ఆపండి. అత్యవసర నిధి లేకుండా నడిపే సిప్‌ను మార్కెట్ పడ్డ రోజునే అమ్ముకోవాల్సి వస్తుంది. సిప్ 5,000, మిగులు 5,800 కలిపితే నెలకు 10,800. పర్సనల్ లోన్ తీరే ఏడు నెలల్లో 75,600. ఇప్పుడున్న 62,000, బోనస్ 70,000 కలిపితే 2,07,600. లోన్ తీరాక నెలకు 19,000 మిగులుతుంది, మూడు నెలల్లో ఇంకో 57,000. పదో నెలకు 2,64,600. అప్పటికి మీ తప్పనిసరి ఖర్చు 86,000కు దిగుతుంది కాబట్టి మూడు నెలల నిధి పూర్తయినట్టే. పదకొండో నెల మిగులుతో జంతువు వైద్యం కోసం చెప్పిన 15,000 పక్కన పెట్టేయండి, పన్నెండో నెల మిగులుతో గినీ పిగ్‌లు తెచ్చుకోండి. ఆ తర్వాత సిప్ మళ్లీ మొదలుపెట్టి, మిగతాది ఆరు నెలల నిధి నిండేదాకా అందులోకే పంపండి. బోనస్ రాకపోతే ఇంకో నాలుగు నెలలు ఆగాలి. ఆగండి.

పాపకు నిజం చెప్పండి. ఎనిమిదేళ్ల పిల్లకు ‘వచ్చే పుట్టినరోజుకు, ఇంత డబ్బు జమయ్యాక’ అంటే అర్థమవుతుంది. ఈలోపు గినీ పిగ్‌లు పెంచే తెలిసినవాళ్ల ఇంటికి రెండు మూడుసార్లు తీసుకెళ్లండి. గడ్డి దుమ్ముకో, బొచ్చుకో పాపకు తుమ్ములు, దద్దుర్లు వస్తాయేమో అక్కడే తెలిసిపోతుంది. ఓనర్ అనుమతి మాటగా కాకుండా మెసేజ్‌లో తీసుకోండి. పండక్కి మదనపల్లె వెళ్లినప్పుడు రోజూ గడ్డీ నీళ్లూ ఎవరు పెడతారో ఇప్పుడే మాట్లాడుకోండి. బోర్డింగ్‌లో వదిలితే రోజుకు ఇంత అని తీసుకుంటారు, అదీ ఖర్చే.

ఇంకొకటి. ఆఫీసు ఇచ్చిన 3 లక్షల ఆరోగ్య బీమా బెంగళూరు ఆసుపత్రులకు చాలదు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీలపై జీఎస్టీ లేదు. ముగ్గురికీ కలిపి సొంత పాలసీ ఒకటి తీసుకోండి. ఏటా వచ్చే ప్రీమియం వల్ల పై లెక్క ఒకటి రెండు నెలలు వెనక్కి జరిగినా సరే, దీన్ని వాయిదా వేయొద్దు. మీకేమైనా అయితే ఇంటికి డబ్బు వచ్చే జీవిత బీమా, అదే టర్మ్ పాలసీ, ఉందో లేదో మీరు రాయలేదు. లేకపోతే అదీ ఈ నెలలోనే.

షాపులో ఇచ్చిన అడ్వాన్సు వెనక్కి అడగండి. ఇవ్వనంటే వదిలేయండి. ఆ 2,000 పోతుందన్న బాధతో యాప్‌లో ‘అంగీకరిస్తున్నాను’ నొక్కకండి. మీ కేవైసీ వివరాలు ఇప్పటికే ఎక్కించి ఉంటే దరఖాస్తును రద్దు చేసి, కాంటాక్టులు, ఫొటోలకు ఇచ్చిన అనుమతులు ఫోన్ సెట్టింగ్స్‌లో తీసేశాకే ఆ యాప్‌ను తొలగించండి.