దక్షిణం కిటికీలో టమాటా పూత ఎందుకు రాలుతోంది?

ప్రశ్న: మాది హైదరాబాద్ మియాపూర్‌లో నాలుగో అంతస్తు ఫ్లాట్. డాబా మీద కుండీలు పెట్టనివ్వరు. విదేశాల వీడియోల్లో దక్షిణం కిటికీ మంచిదని చెబితే, హాల్లో దక్షిణం వైపు కిటికీలో డిసెంబరులో నాలుగు టమాటా మొక్కలు పెట్టాను. కిటికీ నాలుగడుగుల ఎత్తు, పైన అడుగున్నర సన్‌షేడ్ ఉంది. ఫిబ్రవరి దాకా మొక్కలు గట్టిగా, గుబురుగా పెరిగాయి. ఇప్పుడు ఏప్రిల్ నెలాఖరు. కాండం సన్నగా సాగిపోయింది, పూత రాలిపోతోంది. నర్సరీ వాళ్లు డీఏపీ ఎరువు వేయమంటే వారానికో చెంచా వేశాను, ఫలితం లేదు. కుండీల చుట్టూ చిన్న నల్ల దోమలు కూడా తిరుగుతున్నాయి. వంటగదిలో తూర్పు వైపు చిన్న కిటికీ ఉంది. గ్రో లైట్ (మొక్కలకు ఎండకు బదులు వెలుతురిచ్చే దీపం) కొనమంటారా?
– ఒక గృహిణి, మియాపూర్

జవాబు: అమ్మా, మీ మొక్కలకు తక్కువైంది ఎరువు కాదు, ఎండ. కిటికీ అదే, కుండీలు అవే, కానీ ఎండ అక్కడి నుంచి వెళ్లిపోయింది.

చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి తిరుగుతాడు. డిసెంబరు మూడో వారంలో హైదరాబాద్‌లో మిట్టమధ్యాహ్నం కూడా 49 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు (సరిగ్గా నడినెత్తిన ఉంటే 90 డిగ్రీలు). అప్పుడు మీ సన్‌షేడ్ నీడ కిటికీ పైభాగంలో అడుగున్నర, రెండడుగుల మేర మాత్రమే పడుతుంది. మిగతా సగానికి పైగా ఎండే. అందుకే మొక్కలు ఫిబ్రవరి దాకా గుబురుగా పెరిగాయి. మార్చి 21 నాటికి సూర్యుడు 72 డిగ్రీలు దాటి పైకి వస్తాడు. మీరు చెప్పిన కొలతల ప్రకారం అప్పటికే సన్‌షేడ్ నీడ కిటికీ మొత్తాన్ని కప్పేస్తుంది. మే 9 ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం మన నీడ మన కాళ్ల కిందే పడుతుంది. ఆ తర్వాత ఆగస్టు మొదటి వారం దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు మనకు ఉత్తరం వైపే ఉంటాడు. అంటే ఉగాది నుంచి ఇంచుమించు దసరా వరకు మీ దక్షిణం కిటికీలోకి వెలుతురే తప్ప నేరుగా ఎండ రాదు.

మీరు చూసిన వీడియో తప్పు కాదు, అది వాళ్ల ఊరికి సరిపోతుంది. లండన్‌లో నడివేసవి మధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణం వైపే, 62 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. అక్కడ దక్షిణం కిటికీకి ఏడాది పొడవునా ఎండ తగులుతుంది. మన దగ్గర ఆ కిటికీ చలికాలం పంటకే.

దీనికి తోడు వేసవి వేడి ఉంది. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా గది చల్లబడకపోతే టమాటా పూత నిలవదు. డాబా మీద ఎండలో ఉన్న మొక్కలకైనా ఇప్పుడు ఇదే బాధ. వెలుతురు చాలని మొక్కకు మీరు డీఏపీ కూడా వేస్తూ వచ్చారు. అందులోని నత్రజని మొక్కను ఇంకా సాగదీస్తుంది, లవణాలు కుండీ మట్టిలో పేరుకుని వేర్లను దెబ్బతీస్తాయి. మట్టి మీద తెల్లటి పొర కనిపిస్తుంటే అదే. ఇక డీఏపీ ఆపేయండి.

ఈ మొక్కల మీద ఇంకా ఆశ పెట్టుకోవద్దు. ఉన్న కాయలు కోసుకుని పీకేయండి. కుండీ అడుగు నుంచి బాగా కారేలా రెండు మూడు సార్లు నిండుగా నీళ్లు పోసి, మట్టిని ఆరబెట్టి, మూడో వంతు వర్మీకంపోస్టు, గుప్పెడు వేపపిండి కలపండి. అందులో మళ్లీ టమాటా, వంకాయ, మిరప వేయకుండా ఆకుకూరలు వేసుకోండి.

మీ దగ్గరున్న అసలైన ఆస్తి వంటగది తూర్పు కిటికీ. ఎదురుగా బిల్డింగ్ అడ్డం లేకపోతే ఏడాది పొడవునా ఉదయం మూడు నాలుగు గంటల ఎండ వస్తుంది, అదీ మొక్కను మాడ్చని ఎండ. ఆరంగుళాల లోతు ట్రే చాలు. తోటకూర, బచ్చలి ఇప్పుడే మొదలుపెట్టండి, ఈ వేడికి అవి బెదరవు. తోటకూర నెల లోపే కోతకు వస్తుంది. బచ్చలికి విత్తనం కూడా అక్కర్లేదు, మార్కెట్లో కొన్న కట్టలోంచి ముదురు కాడలు గుచ్చినా చిగురిస్తాయి. కొత్తిమీర మాత్రం చలి మొదలయ్యాకే వేయండి, వేసవిలో మొలక సరిగా రాదు, వచ్చినా త్వరగా పూతకు పోతుంది. కొత్త మట్టి నింపిన పది పన్నెండు అంగుళాల కుండీలో ఒక పచ్చిమిర్చి మొక్క కూడా పెట్టి చూడండి. ఎండ నాలుగు గంటలకు తగ్గకపోతే ఇంటి వాడకానికి కొన్ని కాయలైనా ఇస్తుంది.

దక్షిణం కిటికీలో ఈ నెలల్లో పుదీనా పెట్టండి, నీడపాటుగా ఉన్నా బతుకుతుంది. మెంతులు నానబెట్టి చల్లితే రెండు మూడు అంగుళాల లేత మొక్కలు పప్పులోకి వస్తాయి. కుండీలు అద్దానికి ఆనించే ఉంచండి. రెండడుగులు లోపలికి జరిపితేనే వెలుతురు బాగా తగ్గిపోతుంది, మన కంటికి ఆ తేడా తెలియదు. దోమల జాలీ కూడా కొంత వెలుతురును ఆపుతుంది, దుమ్ము పట్టకుండా తుడుస్తుండండి. వారానికోసారి కుండీని సగం తిప్పితే మొక్క ఒకే వైపు వాలదు.

ఆ నల్ల దోమలు కుట్టేవి కావు. ఎప్పుడూ తడిగా ఉండే మట్టిలో గుడ్లు పెడతాయి, వాటి పిల్లపురుగులు లేత వేర్లను కొరుకుతాయి. మందు అవసరం లేదు. పైమట్టి అంగుళం లోతు వరకు ఆరాకే నీళ్లు పోయండి, కింద పళ్లెంలో నీరు నిలవనివ్వకండి, మట్టి మీద పలచగా ఇసుక పరచండి. పసుపు రంగు జిగురు అట్ట ఒకటి గుచ్చితే ఎగిరేవి దానికి అంటుకుంటాయి.

గ్రో లైట్ ఇప్పుడు కొనకండి. ఆకుకూరలకు అది పనిచేస్తుంది, కానీ తూర్పు కిటికీ ఉన్న ఇంట్లో ఆ ఖర్చు ఎందుకు? టమాటాకు కాయ పట్టేంత వెలుతురు చిన్న బల్బుతో రాదు.

టమాటా మీద మీకున్న ఇష్టం తెలుస్తోంది, అది తీరే దారి ఉంది. వినాయక చవితికి నారు పోసి, దసరాకు కుండీలో నాటండి. కిటికీ కింది భాగంలో అప్పటికి ఎండ మొదలవుతుంది, దీపావళికి ఇంకా పెరుగుతుంది. పొట్టి రకం గానీ చెర్రీ టమాటా గానీ ఎంచుకోండి, పన్నెండు అంగుళాల కుండీకి ఒక్క మొక్కే. ఎర్రమట్టి, వర్మీకంపోస్టు, కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) సమపాళ్లలో కలిపితే బరువు తగ్గుతుంది. గదిలో గాలి, తేనెటీగలు ఉండవు కాబట్టి పూత వచ్చాక రోజూ ఉదయం పది, పన్నెండు మధ్య పూలగుత్తిని వేలితో మెల్లగా తట్టండి, పుప్పొడి రాలి కాయ కడుతుంది. నాటిన 60–70 రోజులకు కోత మొదలై ఫిబ్రవరి వరకు సాగుతుంది.

ఒక్క మాట. మీది నాలుగో అంతస్తు. గ్రిల్ బయటికి ఏ కుండీనీ పెట్టకండి, లోపల గట్టు మీద పెట్టినవాటిని కూడా గ్రిల్‌కు తీగతో కట్టేయండి.