‘మిషన్’ అన్న మాట చూసి భయపడాలా?

ప్రశ్న: మా అమ్మాయిని ఆరో తరగతిలో క్యాథలిక్ సిస్టర్లు నడిపే ఆడపిల్లల స్కూల్లో చేర్పిద్దామనుకుంటున్నాం. మేం క్రైస్తవులం కాము. స్కూలువాళ్లు ఇచ్చిన పుస్తకంలో ‘మా చరిత్ర, మా మిషన్’ అని రెండు పేజీలున్నాయి. ఆ మాట చూసినప్పటి నుంచి మా అత్తగారికి ఒకటే టెన్షన్, పిల్లని మతం మార్చేస్తారేమోనని. అసలు ఈ స్కూళ్లు ఎందుకు పుట్టాయి? వాళ్ల మిషన్ ఏమిటి?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, నేను ఇలాంటి స్కూల్లోనే ఇరవై ఏడేళ్లు చరిత్ర పాఠాలు చెప్పాను. నేనూ క్రైస్తవురాలిని కాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో మా ఇంట్లోనూ ఇదే మాట వచ్చింది, కాబట్టి మీ అత్తగారి భయం నాకు తెలుసు.

ఇంగ్లీషు మీడియం బడి ఏదైనా మనం కాన్వెంటు అనేస్తాం. నిజానికి కాన్వెంటంటే కన్యస్త్రీలు ఉండే మఠం. 1535లో ఇటలీలోని బ్రెషాలో ఆంజెలా మెరిచి కొంతమంది యువతులను కూడగట్టింది. ఎవరిళ్లలో వాళ్లు ఉంటూనే దేవుడి పనికి అంకితం కావాలన్నది ఆమె ఆలోచన. వాళ్లే ఉర్సులైన్లు. 1563లో ట్రెంట్ మహాసభ, అంటే క్యాథలిక్ చర్చి పెద్దల సమావేశం, కన్యస్త్రీలు మఠం గోడ దాటకూడదన్న నియమాన్ని గట్టిగా బిగించింది. టీచరు బయటికి రాకూడదు కాబట్టి పిల్లలే గోడ లోపలికి వెళ్లాల్సి వచ్చింది. ఫ్రాన్సులోని ఉర్సులైన్లయితే పేదరికం, బ్రహ్మచర్యం, విధేయతల సరసన ఆడపిల్లలకు చదువు చెప్పడాన్ని నాలుగో వ్రతంగా పెట్టుకున్నారు.

ఆ గోడనే వద్దన్న మనిషి మేరీ వార్డ్. ఈవిడ గురించి నేను కొంచెం ఎక్కువే చెబుతాను, ఓపిక పట్టండి. 1585లో ఇంగ్లండులో పుట్టింది. అప్పుడక్కడ క్యాథలిక్కులు దాక్కుని పూజ చేసుకునే రోజులు. 1609లో కొందరు స్నేహితురాళ్లతో సముద్రం దాటి, ఇప్పుడు ఫ్రాన్సులో ఉన్న సెంటొమేర్ అనే ఊరు చేరి బడి పెట్టింది. ఇంగ్లండు నుంచి వచ్చిన పిల్లలకు హాస్టలు, ఆ ఊరి ఆడపిల్లలకు ఉచితంగా చదువు. జెస్యూట్ అనే క్యాథలిక్ సంఘం ఫాదర్ల లాగే మేమూ గోడల్లేకుండా తిరిగి పనిచేస్తామంది. ఎంతైనా ఆడవాళ్లే కదా, ఈ ఉత్సాహం ఎన్నాళ్లుంటుందని ఒక పెద్దమనిషి అన్నాడట. గొప్ప పనులు చేయలేనంత తేడా ఆడవాళ్లకూ మగవాళ్లకూ మధ్య ఏమీ లేదని 1617లో తన వాళ్లను కూర్చోబెట్టి చెప్పింది. 1621లో అనుమతి కోసం ఆల్ప్స్ దాటి కాలినడకన రోము వెళ్లింది. చివరికి 1631లో పోపు ఎనిమిదో అర్బన్ ఆమె సంస్థనే రద్దు చేశాడు. మతద్రోహి అని ఆమెను మ్యూనిక్‌లో ఒక మఠంలో బంధించారు. అక్కడి నుంచి సామాన్లు చుట్టిన కాగితాల మీద నిమ్మరసంతో ఉత్తరాలు రాసి బయటికి పంపేది. ఏటా ఏడో తరగతి పిల్లల చేత నేను నిమ్మరసంతో రాయించి, ఆ కాగితాన్ని ఇస్త్రీపెట్టెతో వేడి చేసి చూపించేదాన్ని. గోధుమరంగు అక్షరాలు పైకి తేలుతుంటే క్లాసంతా నిశ్శబ్దం అయిపోయేది. సంస్థాపకురాలిగా ఆమెను చర్చి ఒప్పుకున్నది 1909లో, ఆమె పోయిన 264 ఏళ్లకు.

ఐర్లండులో నానో నేగల్ కథ వేరు. క్యాథలిక్కులు బడి నడపడం చట్టవిరుద్ధమైన కాలంలో కార్క్ నగరంలో రహస్యంగా పేదపిల్లలకు చదువు చెప్పింది. రాత్రుళ్లు లాంతరు పట్టుకుని రోగుల ఇళ్లకు వెళ్లేది. 1775లో ఆమె మొదలుపెట్టిన సంఘమే తర్వాత ప్రెజెంటేషన్ సిస్టర్స్ అయింది.

ఇక ఫ్రాన్సులో 1800లో సేక్రెడ్ హార్ట్ సంఘాన్ని స్థాపించిన సోఫీ బరా, డబ్బున్న పిల్లల బోర్డింగు స్కూలుతో పాటే పేదపిల్లలకు ఉచిత బడీ నడిపించింది. మంచి ఆలోచనే, కానీ రెండు బడులు రెండుగానే ఉండేవి. నన్ను బాధపెట్టేది ఇదే. నేను పనిచేసిన చోట ఫీజు లేని పిల్లలకు కొన్నేళ్లు వేరే గేటు ఉండేది. దాని గురించి స్టాఫ్ మీటింగులో నోరు విప్పడానికి నాకు ఆరేళ్లు పట్టింది. ఆ ఆరేళ్లు ఊరుకున్నందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

మతం సంగతికొస్తే, దాచడానికేమీ లేదు. మిషన్‌లో వాళ్ల విశ్వాసం ఉంది. అసెంబ్లీలో ప్రార్థన ఉంటుంది, వరండాలో మరియమ్మ విగ్రహం ఉంటుంది. అయితే ఎవరినీ బలవంతంగా విశ్వాసంలోకి తేకూడదని 1965లో క్యాథలిక్ చర్చి పెద్దల రెండో వాటికన్ మహాసభే ప్రకటించింది. మా స్కూల్లో క్యాథలిక్ పిల్లలు సత్యోపదేశానికి, అంటే వాళ్ల మతపాఠానికి వెళ్తే మిగతావాళ్లకు నీతిపాఠం ఉండేది. మీరు చూసిన స్కూల్లో ఎలా ఉందో హెడ్‌మిస్ట్రెస్ సిస్టర్‌ను నేరుగా అడగండి, అడిగితే ఏమీ అనుకోరు. ఫీజు రాయితీ ఎంతమందికి ఇస్తున్నారు, ఆ పిల్లలు మీ అమ్మాయి బెంచీలోనే కూర్చుంటారా అన్నదీ తప్పకుండా అడగండి. వెళ్లేటప్పుడు మీ అత్తగారిని వెంట తీసుకెళ్లండి. అసెంబ్లీ వేళకు వెళితే పిల్లలు ఏం పాడుతున్నారో, ఏం చదువుతున్నారో ఆవిడే చూసుకుంటారు.