అరవై దాటాక సైక్లింగ్‌లో స్పీడు, స్టామినా పెరుగుతాయా?

పెరుగుతాయి, అరవై దాటాక మొదలుపెట్టినా పెరుగుతాయి. వయసుతో గుండె గరిష్ఠ వేగం తగ్గుద్ది, అది ఎవరూ ఆపలేరు, కానీ కండరాలు ఏ వయసులోనైనా ట్రైనింగ్‌కి బలపడతాయి, కాకపోతే కోలుకోడానికి టైమ్ ఎక్కువ పడుతుంది కాబట్టి గట్టిగా తొక్కిన మర్నాడు రెస్ట్ తప్పనిసరి. ఫ్రాన్స్‌కి చెందిన రాబెర్ మార్షాన్ గారు 2012లో వందేళ్ల వయసులో గంటకి 24.25 కిలోమీటర్లు తొక్కారు, మళ్లీ 2014లో 102 ఏళ్లకి అదే గంటలో 26.927 తొక్కారు, వయసు పెరిగాక స్పీడు కూడా పెరిగింది చూడండి! మధ్యలో ఆయన ట్రైనింగ్‌లో 80 శాతం తేలిగ్గా, 20 శాతం గట్టిగా తొక్కారు.

పెద్దవాళ్లు నెమ్మదిగా తొక్కితే చాలని చాలామంది అనుకుంటారు, అదే పొరపాటు. డాక్టర్ సరే అంటే వారంలో ఒకసారైనా కొన్ని నిమిషాలు ఆయాసం వచ్చేలా తొక్కాలి, లేకపోతే ఉన్న స్టామినా కూడా జారిపోతుంది.