నడుము నొప్పికి ఏ సర్జన్‌ను కలవాలి?

ప్రశ్న: నా వయసు 44. రెండు నెలలుగా నడుము నొప్పి. ఎడమ పిరుదు నుంచి పాదం దాకా లాగేస్తోంది. ఎమ్మారైలో నడుము కింది వెన్నుపూసలైన ఎల్4-ఎల్5 మధ్య ఉండే మెత్తటి డిస్క్ జారి నరాన్ని నొక్కుతోందని వచ్చింది. రిపోర్టు చూసిన డాక్టర్ వెంటనే ఆపరేషన్ అన్నారు. న్యూరోసర్జన్ దగ్గరికి వెళ్లాలా, ఎముకల డాక్టర్ దగ్గరికా? ఒకటే టెన్షన్‌గా ఉంది.

జవాబు: మూత్రం బిగబట్టుకుపోవడం లేదా తెలియకుండా పడిపోవడం, మలద్వారం చుట్టూ మొద్దుబారడం, నడుస్తుంటే పాదం పైకి లేవక ఈడ్చుకుపోవడం... వీటిలో ఏది ఉన్నా ఏ సర్జన్ మంచివాడా అని వాకబు చేస్తూ కూర్చోకండి. ఆ రోజే ఎమర్జెన్సీకి వెళ్లండి. ఇవేవీ లేకపోతే తొందర లేదు.

న్యూరోసర్జనా, ఆర్థోపెడిక్ సర్జనా అన్నది పెద్ద తేడా కాదు. వెన్నెముక ఆపరేషన్లు ఇద్దరూ చేస్తారు. వారి పనిలో ఎక్కువ భాగం వెన్నెముకేనా అన్నది చూడండి. తలలో గడ్డలే ఎక్కువగా చేసేవారికన్నా, మోకాళ్లే ఎక్కువగా మార్చేవారికన్నా రోజూ డిస్కులు చేసే చెయ్యి మేలు. న్యూరాలజిస్టు అంటే మందులతో వైద్యం చేసే నరాల డాక్టరు, ఆపరేషన్ చేయరు. న్యూరోసర్జన్, న్యూరాలజిస్టు అనే ఈ రెండు పేర్లూ కలగాపులగమై నా దగ్గరికొచ్చేవాళ్లు చాలామందే.

నేనైతే డాక్టర్ ముందు దేన్ని చూస్తారో గమనిస్తాను. ఎమ్మారై ఫిల్మునా, మీ కాలునా? మంచి సర్జన్ మిమ్మల్ని వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంచకుండా కాలు పైకెత్తి నొప్పి ఎక్కడ పుడుతోందో చూస్తారు. కాలి బొటనవేలును పైకి లేపమని, తన వేలితో కిందికి అదుముతారు. ఎల్4-ఎల్5 డిస్క్ సాధారణంగా నొక్కేది ఎల్5 నరాన్ని. అది నలిగితే బొటనవేలిలో బలం తగ్గుతుంది, పాదం పైభాగం తిమ్మిరెక్కుతుంది. ఫిల్ములో కనిపించేదీ కాలు చెప్పేదీ ఒకటైతేనే ఆపరేషన్ మాట. ఏ నొప్పీ లేని నలభై ఏళ్లవాళ్లకు ఎమ్మారై తీసినా చాలామందిలో డిస్క్ ఉబ్బు కనిపిస్తుంది మరి!

రెండు నెలలైనా కాలు నొప్పి తగ్గక, నిద్ర పట్టనివ్వకపోతే ఆపరేషన్ గురించి మాట్లాడటంలో తప్పులేదు. కానీ జారిన డిస్క్ ముక్క చాలామందిలో నెలల్లో దానంతటదే కుంచించుకుపోతుంది. అందుకే "ఇంకొన్ని వారాలు ఆగితే ఏమవుతుంది?" అని అడగండి. విసుక్కోకుండా జవాబు చెప్పేవారు కావాలి. నరాన్ని నొక్కే ముక్కను మాత్రమే తీస్తారా, స్క్రూలు, రాడ్లు వేసి ఎముకలను బిగిస్తారా అనీ అడగండి. మీలాంటి సమస్యకు మామూలుగా మొదటిది చాలు. స్క్రూలు వేయాలంటే మాత్రం, ఎముక నిలకడ తప్పిందా అని అడిగి, ఎందుకు అవసరమో ఫిల్ముపై చూపించమనండి. ఈ ఆపరేషన్ కాలు నొప్పిని తగ్గించినంతగా నడుము నొప్పిని తగ్గించదు. ఈ మాట ముందే చెప్పే సర్జన్‌ను నేను ఎక్కువ నమ్ముతాను. "నూటికి నూరు శాతం గ్యారంటీ" అనేవారిని కాదు.

రెండో అభిప్రాయం తీసుకుంటే మొదటి డాక్టర్ నొచ్చుకుంటారేమోనన్న మొహమాటం వద్దు. రిపోర్టు కాగితం ఒక్కటే కాదు, ఎమ్మారై ఫిల్ములు, సీడీ కూడా తీసుకెళ్లండి. మొదటి డాక్టర్ ఏమన్నారో మాత్రం రెండో డాక్టర్ పరీక్ష ముగిసే దాకా చెప్పకండి.